వికారాబాద్ దాటాక ఏ దారి

మొన్న మా మనవరాలు కొత్త కారు కొన్నది. ప్రగతి నగర్‌లో మా అపార్ట్‌మెంటు కింద కొబ్బరికాయ కొట్టి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, నేనే హారతి ఇచ్చాను. గచ్చిబౌలిలో దానితో పాటు పనిచేసే ఎస్తేరు అనే పిల్ల కూడా ఆ పూట వచ్చింది. గుంటూరు వైపు పిల్ల. ఇద్దరూ అదే కారులో అరకు పోతున్నారట. నా హారతి అయ్యాక ఆ పిల్ల దగ్గరికి వచ్చి, "అమ్మమ్మగారూ, నేను కూడా ఒక్క నిమిషం ప్రార్థన చేసుకోవచ్చాండీ?" అని అడిగింది. దానికేం భాగ్యం, చేసుకోమన్నాను. బానెట్ మీద చెయ్యి ఆనించి కళ్ళు మూసుకుని, పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ తోడుండు ప్రభువా అని చెప్పుకుని ఆమెన్ అన్నది. ఒక్క నిమిషం అంటే నిజంగా ఒక్క నిమిషమే. నాకు నోరాగలేదు. "ఏ దారిన పోతున్నరో చెప్పనే లేదేంది బిడ్డా?" అన్నాను. "ఫోన్‌లో మ్యాపు ఉందండి" అన్నది. "నీకున్నది సరే. మరి ఆయనకు?" అన్నాను. పిల్లలిద్దరూ పడీ పడీ నవ్వి కారెక్కి పోయారు. నేను హాస్యమాడానని అనుకున్నారు. నేను లిఫ్టులో పైకి వచ్చి, బాల్కనీలో కూర్చుని, డెబ్బై అయిదేళ్ళకు పైగా నా లోపల నిలబడి ఉన్న రూతమ్మ పెద్దమ్మను తలుచుకున్నాను. ఆ ప్రశ్న నాది కాదు, ఆమెది.

ఇప్పుడు మాదాపూర్, గచ్చిబౌలిలో అద్దాల మేడలు లేచిన చోట అప్పట్లో గుండ్లు ఉండేవి. ఏనుగంత గుండ్లు, ఇల్లంత గుండ్లు, ఒకదాని మీద ఒకటి ఎవరో ఆడుకుని మరిచిపోయినట్టు. ఆ గుండ్ల మధ్య ముప్పై గడపల ఊరు మాది. మాది రాయి కొట్టే ఇల్లు. రాయి పగలాలంటే ముందు దాని మీద తంగేడు మండలు, ఎండుకట్టెలు పేర్చి మంట పెట్టేవాళ్ళు. వేడెక్కిన రాయికి ఒక వాసన ఉంటుంది. మాడిన రొట్టెకూ తొలకరి వానకూ మధ్య వాసన. నాయిన చొక్కాలో, నాయిన తల్లి మా అవ్వ కొంగులో, అంబలి ముంతలో కూడా ఆ వాసనే. నా మనవరాలి ఆఫీసు ఏ గుండు పగలగొట్టిన చోట ఉన్నదో నేను చెప్పగలను. అది మాత్రం నమ్మదు.

మా గోడకు ఆనుకుని రూతమ్మ పెద్దమ్మ ఇల్లు. ఊరిలో అదొక్కటే కిరస్తానీ ఇల్లు. ఆమె భర్త ఊరూరా నడిచి వాక్యం చెప్పేవాడట. ఈమె మిషన్ దవాఖానలో ఆయాగా చేసేది. నేను పుట్టేసరికే ఆయన లేడు. అన్నేళ్ళు అడవుల్లో, వాగుల్లో తిరిగిన మనిషికి దారిలో ముల్లు కూడా గుచ్చుకోలేదు, ఇంట్లో మంచం మీద జ్వరంతో పోయాడు. దానికి ఆమె చెప్పే కారణం ఒక్కటే. "తొవ్వ మీదున్నన్ని దినాలు నేను ఎంబడి నడిచి మొక్కిన. ఇంటికొచ్చిండు గదా అని ఆపిన." ఈ మాట అని నవ్వేది. నవ్వి, కాసేపు చాటలోని బియ్యం వంక చూసేది.

వెంట నడిచి మొక్కడం అన్నది ఆమె పద్ధతి. ఎవరైనా ప్రయాణం పోతే పొద్దున్నే అరుగు మీద చాట పెట్టుకుని కూర్చుని, రాళ్ళేరుతూ, ఒక కన్ను మూసి ఒక కన్ను తెరిచి మొదలుపెట్టేది. తెరిచిన కన్ను కోడి కోసం. "ప్రభువా, ఎంకయ్య ఇప్పుడు చెర్వు కట్ట మీదున్నడు. కట్ట నడుమ గండి దగ్గర జారుడున్నది, చెయ్యి పట్టుకో. ఇగ కట్ట దిగిండు. హుష్, పో అవతలికి. నిన్ను గాదు ప్రభువా, కోడిని." ఇలా అడుగడుగూ సాగేది. గోల్కొండ దాకా ప్రయాణమైతే ప్రార్థన గోల్కొండ దాకా, లింగంపల్లి దాకా అయితే లింగంపల్లి దాకా. మొత్తంగా కాపాడమని ఒక్క మాట అడిగితే చాలదా అని మా అవ్వ అంటే, ఆమెకు కోపం వచ్చేది. "దవాఖానల డాక్టరమ్మ కాడికి పోయి నొస్తుంది నొస్తుంది అంటె సరిపోతదా? ఏడ నొస్తుందో చెప్పాలె గద."

అందుకే మా ఊరిలో ప్రయాణానికి రెండు ఏర్పాట్లు ఉండేవి. బయలుదేరే ముందు పోచమ్మ గద్దె మీద సాకనీళ్ళు ధారపోసేవారు. తర్వాత రూతమ్మ అరుగు దగ్గర ఆగి, ఏ దారిన పోతున్నదీ చెప్పేవారు. ఇందులో ఎవరికీ పట్టింపు లేదు. అవ్వ లెక్క ప్రకారం పోచమ్మ పొలిమేర దేవత, పొలిమేర దాటి రాదు, రాకూడదు కూడా, ఊరిని ఎవరు చూస్తారు మరి? పొలిమేర అవతల రూతమ్మ దేవుడు. హద్దురాయి దగ్గర ఒకరు మనిషిని అప్పగిస్తే ఇంకొకరు తీసుకుంటారు. నిజాం సర్కారు పోయి మిలిట్రీ సర్కారు వచ్చినా ఈ సర్కారు మాత్రం మారలేదు.

నేను చదువు నేర్చింది కూడా ఆ అరుగు మీదే, ఎవరూ నేర్పకుండానే. పెద్దమ్మకు అక్షరం రాదు. భర్త వాడిన పాటల పుస్తకం ఉండేది, పాటలన్నీ నోటికి వచ్చు. రోజూ విని నాకూ వచ్చేశాయి. ఫలానా పుటలో ఫలానా పాట ఉందని ఆమె గుర్తుపట్టగలదు కాబట్టి, ఆ పుట తీసి, నోటికి వచ్చిన పాటను ఒక్కో ముక్క పాడుతూ ఒక్కో అక్షరం మీద వేలు పెట్టేదాన్ని. ఒక వానాకాలంలో అక్షరాలన్నీ లొంగాయి. ఆ తర్వాత నన్ను పట్టేవాళ్ళు లేరు. పొరుగూరిలో, కచేరీలో గుమాస్తాగా చేసి వచ్చిన ఒక పెద్దాయన తన ఇంటి ముందు గదిలో ఒక చెక్క అల్మారా నిండా తెలుగు పుస్తకాలు పెట్టి, దానికి గ్రంథాలయం అని పేరు రాసి పెట్టాడు. ఊళ్ళో అందరూ ఆయనను అల్మారా సారు అనేవాళ్ళు. వారానికి రెండుసార్లు గుండ్ల మధ్య నుంచి నడిచి అక్కడికి పోయేదాన్ని. పదేళ్ళ ఆడపిల్ల వచ్చి నేల మీద కూర్చుని పుస్తకం తెరిస్తే ఆయన ఏమీ అనేవాడు కాదు, చేతులు కడుక్కున్నావా అని మాత్రం అడిగేవాడు. ఆ అల్మారాలో పుస్తకాలన్నీ రెండేళ్ళలో చదివేశాను. ఇది గొప్ప కోసం చెబుతున్నాను, దాచడం ఎందుకు.

ఆ గదిలో మట్టిగోడకు ఒక రైల్వే పటం అంటించి ఉండేది. ఇంగ్లీషు పేర్ల పక్కన సారు సిరాతో తెలుగులో రాసుకున్నాడు. అదే నన్ను ఊరికి పెద్దమనిషిని చేసింది. అంతవరకు పెద్దమ్మ ప్రార్థన తాను నడిచిన దారులకే పరిమితం. రైలెక్కి దూరం పోయేవాళ్ళకు ఆమె లింగంపల్లి టేషన్ దాకా వచ్చి ప్లాట్‌ఫారం మీద నిలబడిపోయేది. "ఆ తర్వాత నాకు తెల్వదు, నేనేమని చెప్పాలె" అని మనసు కష్టపెట్టుకునేది. ఇప్పుడు నేను పటం చూసి టేషన్ల పేర్లు కంఠస్థం చేసి వచ్చి చెబుతుంటే, ఆమె ప్రార్థన కాజీపేట దాకా, బెజవాడ దాకా పోసాగింది. ఊళ్ళో ఎవరింట్లో ప్రయాణమున్నా ముందు నా దగ్గరికి వచ్చేవాళ్ళు. లచ్చిని అడుగుండ్రి, దానికి లోకమంత తెలుసు అనేది మా అవ్వ, నలుగురూ చేరి గింజలు కొలిచేచోట కూడా. నేను కాదనలేదు.

అప్పుడు మా నాయిన షోలాపూర్ పోవలసి వచ్చింది. అక్కడ ఏదో కట్టడానికి రాయి కొట్టేవాళ్ళు కావాలని కబురు వస్తే, ముగ్గురితో కలిసి బయలుదేరాడు. నాయిన అంతకుముందు లింగంపల్లి దాటి ఎరగడు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. ఇంట్లో అవ్వ, నాయిన, నేను. నాయినకు ఏమైనా అయితే ఏమిటన్నది మేం ఎవరం పైకి అనలేదు. బయలుదేరే రోజు పెద్దమ్మ అడిగింది, ఏ దారి అని. నాయిన నా వైపు చేయి చూపి, "మా లచ్చి చెప్తది అక్కా" అన్నాడు. అలా చేయి చూపినప్పుడు అతని ముఖంలో ఉన్న మురిపెం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

ఇంతలో ఒక చిక్కు వచ్చింది. వికారాబాద్ దాకా పటం శుభ్రంగా ఉన్నది. దానికి పడమటన చెదలు తిని అరచేయంత చిల్లి పడింది. చిల్లికి పైన ఒక లైను మాత్రం మిగిలి, జహీరాబాద్, బీదర్, ఉద్గీర్ అని చక్కగా పోతున్నది. షోలాపూర్ ఎక్కడా కనిపించలేదు. సారు ఆ వారం పట్నంలో ఉన్నాడు. నాకు తెలియదు అనడానికి రెండే మాటలు చాలు. ఆ రెండు మాటలు నా నోట రాలేదు. వేలు ఆ మిగిలిన లైను మీద పెట్టి, చివరిదాకా పోయి, అక్కణ్ణుంచి గాలిలోకి కొంచెం జరిపి, అక్కడ షోలాపూర్ పెట్టాను. మూడు పొద్దులు పెద్దమ్మ ఆ దారినే నడిచింది. నేను పక్కన కూర్చుని పేర్లు అందించాను. బీదర్‌లో కోట ఉంటుందని ఒక పుస్తకంలో చదివాను కాబట్టి అది కూడా చేర్చాను. "కోట మెట్లు ఎక్కబోకని చెప్పు ప్రభువా, వానికి అసలే చూసే షోకు" అని పెద్దమ్మ జాగ్రత్త తీసుకుంది.

నాలుగో రోజు సారు తిరిగి వచ్చాడు. మాటల మధ్య అన్నట్టుగా, షోలాపూర్ రైలు బీదర్ మీదుగానే పోతుంది కదా సారూ అన్నాను. ఆయన కళ్ళద్దాలు పైకి తోసి, "కాదమ్మా, వికారాబాద్ నుంచి కింది లైను. తాండూరు, సేడం, చిత్తాపూర్, వాడి. వాడిలో రైలు మారాలి. అక్కణ్ణుంచి గుల్బర్గా" అని, చిల్లి మీద వేలు పెట్టి, "చెదలు తిన్నదే అసలు దారి" అన్నాడు. గుల్బర్గాకూ షోలాపూర్‌కూ మధ్య ఏమున్నదో ఆయనకూ గుర్తు లేదు. గుర్తు లేదని ఎంత తేలికగా అన్నాడో.

ఆ పూట ఇంటికి నడిచి వస్తూ గుండ్ల మధ్య నిలబడి నా తప్పును నేనే దిద్దుకోవాలని చూశాను. రూతమ్మ పెద్దమ్మ వాళ్ళ దేవుడా అని పిలిచాను. ఆ తర్వాత ఏమనాలో తోచలేదు, ముఖపరిచయం లేని మనిషి ఇంట్లోకి పోయినట్టు ఉన్నది. అక్కణ్ణుంచి పోచమ్మ గద్దె దగ్గరికి పోయి, ఈ ఒక్కసారికి తాండూరు దాకా వచ్చి చూసి పోరాదా అమ్మా అని బతిమాలాను. పోచమ్మ హద్దు దాటే మనిషి కాదు. పెద్దమ్మకు చెబుదామని పదిసార్లు గడప దాకా పోయాను. పోయిన ప్రతిసారీ ఎవరో ఒకరు, ఇగో లచ్చి వచ్చింది, మా తమ్ముడు రాయచూరు పోతుండు, దారి చెప్పు బిడ్డా అనేవాళ్ళు. నేను చెప్పేసి వచ్చేదాన్ని. పేరు పోతుందన్న భయం, నాయినకు ఏమైనా అవుతుందన్న భయం రెండూ ఒకే కడుపులో ఉండేవి. మొదటిదే పెద్దదని ఒప్పుకోవడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

మూడు వారాలకు, నాయినతో పోయిన ముగ్గురిలో ఒకడు పండుగకు తిరిగి వచ్చి కబురు చెప్పాడు. పోయేటప్పుడు వాడిలో రైలు మారుతుంటే నాయిన జారి పడ్డాడట. మడమ వాచి నల్లబడింది. నడవలేడు, కూర్చుని ఉలి పట్టుకుంటున్నాడు. కాస్త తగ్గగానే, ఇంకో నాలుగైదు రోజుల్లో, బయలుదేరతాడు. అవ్వ ఏడవలేదు, పొయ్యి ముందు కూర్చుని మండుతున్న కట్టెను ఊరికే ముందుకూ వెనక్కూ జరిపింది. నాకు వాడి అన్న పేరు చెవిలో మోగుతున్నది. నాయిన వాడిలో పడుతున్న పొద్దున మేం బీదర్ కోట మెట్ల దగ్గర కాపలా ఉన్నాం.

అరుగు మీద పెద్దమ్మ పప్పు ఏరుతోంది. పోయి ఎదురుగా నిలబడి అంతా చెప్పాను. చెదల చిల్లి, వేలు, గాలిలో పెట్టిన షోలాపూర్, సారు మాట, మూడు వారాలు దాచడం. ఏడుపు వల్ల కొన్ని మాటలు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఆమె ఏరడం ఆపింది. కొడుతుందనుకున్నాను.

"అంటె మూడు దినాలు నేను బీదర్‌ల ఒక్కదాన్నే తిరిగొచ్చినన్నట్టు" అన్నది.

"మా నాయిన పడ్డది నా వల్లనే పెద్దమ్మా."

"నీ వల్ల గాదు. ప్లాట్‌ఫారం వల్ల. నువ్వు అంత పెద్దదానివి గాలేదు ఇంక." చేతిలోని గింజ చాటలో పడేసింది. "గని తెల్వదని ఎందుకు చెప్పకపోతివి?"

ఆమె చాట పక్కన పెట్టి, ఇప్పుడు వచ్చే దారి చెప్పు, సరిగ్గా చెప్పు అన్నది. షోలాపూర్ నుంచి మొదలుపెట్టాలి. మొదటి అడుగే నాకు తెలియనిది. షోలాపూర్‌కూ గుల్బర్గాకూ మధ్య సారుకే గుర్తు లేదు. ఆ వయసులో నేను కష్టపడి పలికిన మాటల్లో అంత బరువైనది ఇంకొకటి లేదు. "ఇక్కడ నాకు తెల్వదు పెద్దమ్మా" అన్నాను.

ఆమె తల ఊపింది. "గదే చెప్తం. ప్రభువా, షోలాపూర్ కాడికెల్లి గుల్బర్గా దాంక ఏమున్నదో మా లచ్చికి తెల్వదు, నాకు తెల్వదు. నీకు తెలుసు. గా ముక్క నువ్వే చూసుకో. గుల్బర్గా కాడికెల్లి మేం చూసుకుంటం." ఇది నాకు చాలా న్యాయమైన పంపకంగా తోచింది.

అలా అయిదు రోజులు, రోజూ పొద్దున్నే, గుల్బర్గా నుంచి వాడి, చిత్తాపూర్, సేడం, తాండూరు. రోజూ ఎందుకంటే ఏ రోజు బయలుదేరతాడో తెలియదు కనుక. అయిదో రోజు ఎండ ఎక్కుతుండగా పెద్దమ్మ వాడి టేషన్‌లో ఉన్నది, నాయిన చంక కింద చెయ్యి వేసి మెల్లగా దించమని దేవుడికి చెబుతోంది, నేను సామాను మరిచిపోకుండా అని గుర్తుచేస్తున్నాను. ఎదురుగా ఒక ఎడ్లబండి వచ్చి ఆగింది. బండిలో గడ్డి మీద నాయిన కాలు చాపుకుని కూర్చుని ఉన్నాడు. చేతిలో ఒక కట్టె.

అవ్వ లోపలి నుంచి పరుగెత్తి వచ్చింది. నేను బండి చక్రం మీదికి ఎక్కాను. పెద్దమ్మ మాత్రం లేవలేదు. రెండు కళ్ళూ తెరిచి నాయినను కింద నుంచి పైదాకా చూసింది.

"ఏ దారిన వచ్చినవ్ మల్లయ్యా?"

"సడక్ మీదికెల్లి అక్కా. ఈ కాలుతోని రైలెక్కుడు దిగుడు అయితలేదు. లారీల ఎక్కిచ్చిండ్రు. జహీరాబాద్, పటాన్‌చెరు మీదికెల్లి మియాపూర్ల దిగిన."

"మేం అయిదు దినాల సంది నీ కోసం వాడిల నిలబడ్డం. చెప్పి రావద్దా?"

నాయిన ఏమీ అర్థం కాక అవ్వ వంక చూశాడు. అవ్వ నా వంక చూసింది. నేను మాత్రం జహీరాబాద్ అన్న పేరు దగ్గరే ఆగిపోయాను. తప్పు లైనులో నేను చెప్పిన మొదటి పేరు అదే కదా. నేను ముందే చెప్పాను అనడానికి నోరు తెరిచాను. పెద్దమ్మ ఆ నోరును చూసింది. "తెలిసి చెప్పినవా?" అన్నది. లేదన్నాను. "మరి ఊకో" అన్నది. ఊరికి ఈ సంగతి తెలిసి ఉంటే నాకు హారతి పట్టేవాళ్ళేమో. ఇన్నేళ్ళ చదువు తర్వాత నేను చెప్పగలిగింది ఇంతే: షోలాపూర్ సడక్ జహీరాబాద్ మీదుగా పోతుంది, అప్పుడూ పోయింది, ఇప్పుడూ పోతుంది, అందులో నా గొప్ప ఏమీ లేదు.

అవ్వ నాయినకు అరుగు మీదే అన్నం పెట్టింది. పెద్దమ్మ ఇంకా ముడుచుకునే ఉన్నది. అతను వచ్చిన దారికి ఒక్క మాట కూడా మొక్కలేదన్నది ఆమె బాధ. అప్పు పడ్డట్టు ఉన్నది ఆమెకు. ఇప్పుడైనా చెప్పు అన్నది. నాయిన తింటూ చెప్పసాగాడు. నాకు అక్షరాలు తెలిసినట్టు అతనికి దారిని చదవడం తెలుసునని నాకు అప్పుడే తెలిసింది. ఏ ఊరిలో రాయి నల్లనిది, ఏ వాగు వంతెన కింద రాళ్ళు ఎట్లా కూర్చారు, ఎక్కడ మట్టి ఎర్రబడటం మొదలవుతుంది, అన్నీ చెప్పాడు. ఏ పటంలోనూ లేనివి. జహీరాబాద్ ఇవతల లారీ చెడి ఒక పూట ఆగిపోయిందట. మిగతావాళ్ళు ఊళ్ళోకి నడిచిపోయారు. ఇతను నడవలేక రోడ్డు పక్కనే కూర్చుంటే, ఒక ఇంటామె వచ్చి భాష కూడా తెలియకుండానే లోపలికి పిలిచి, జొన్నరొట్టె, ఉల్లిగడ్డ పెట్టి, కాలికి వేడినీళ్ళ కాపడం పెట్టిందట.

పెద్దమ్మ ఏరడానికి తీసుకున్న పప్పు పక్కకు పెట్టింది. "ఆమె పేరేంది?"

నాయినకు తెలియదు. అడగలేదు.

"పేరు లేకుంటె ఎట్ల చెప్పాలె? ఇల్లన్న చెప్పు."

నాయిన చేతిలోని ముద్ద కంచంలో పెట్టేశాడు. ఆమె ముఖం కూడా సరిగ్గా గుర్తు లేదన్నాడు. గడప మాత్రం గుర్తుంది. ఎర్రరాయి గడప, ఆ వైపు రాయి మెత్తన, ఉలి కూడా అక్కర్లేదు, గొడ్డలితో కొట్టవచ్చు. ఎడమ మూల పగిలి ఉన్నది. ఎవరో సున్నం కూరి అతుకు వేశారు గానీ అతుకు నిలవదు.

పెద్దమ్మ కళ్ళు మూసుకుంది. "ప్రభువా, జహీరాబాద్ ఇవతల సడక్ పక్కన, ఎర్రరాయి గడప, ఎడమ మూల పగిలి సున్నం కూరిన ఇల్లు" అని చెప్పి, ఇంకేమీ అడగకుండా ఆమెన్ అన్నది.

నేను ఆ తర్వాత ఎన్నో గ్రంథాలయాల్లో ఎన్నో పటాలు చూశాను. ఇప్పుడు ఇంట్లో కూర్చుని మా వాళ్ళు ఏ ఫ్లైఓవర్ మీద ఆగిపోయారో ఫోన్‌లో చూసుకుంటున్నాను. దేవుడికి ఆ ఇల్లు దొరికి ఉంటుందనే అనుకుంటాను. అంత సరైన చిరునామా నేను ఇంకెక్కడా చదవలేదు.